ఎడమ బొటనేలు

షట్టర్ సగం లేవకముందే
కిందికెల్లి దూరొస్తరు పొల్లగాండ్లు.
బీరువాల దిక్కు సూడరు,
గోడల అడుగులు ఎతుకుతరు.
దేవరకొండ గ్రంథాలయంల ఐదు ప్లగ్గులు,
నలభై రెండు ఫోన్లు.
ఎవలది ఎంత నిండిందో సూసి
తీసుడు, పెట్టుడు,
అటెండరు నౌకరిల నాకొచ్చిన కొత్త పని.
అందరు తలలొంచి సదువుతనే ఉంటరు.
ఎన్కటి లెక్కనే ఉంటది నిమ్మలం,
పేజీ తిప్పే సప్పుడు ఒక్కటే తక్కువ.

పెద్దసారుకు మూడు ఊర్ల డ్యూటీ,
ఈడికి మంగళారం, శుక్రారం.
మిగిలిన దినాలు తాళంచెవి నా కొంగుకే.
పుస్తకాలిచ్చే రిజిస్టర్ల పోయిన నెల పదకొండు సంతకాలు,
అండ్ల ఆరు నరహరి సారువే.
ఆయన గూడ ఫోనుకు మరిగిండు.
మొన్న అసలు పేపరు మీద రెండు వేళ్లు వెట్టి సాగదీసి
అక్షరం పెరగకపోయేసరికి
నా దిక్కు సూసి నవ్విండు.

నోటిఫికేషన్ పడ్డ వారం
తండాకెల్లి నేనావత్ రోజా వచ్చింది.
ఆమెకు గావాల్సింది ఒక్కటే బుక్కు.
అట్ట లేదు, ముంగటి పేజీలు లేవు, రాసినోళ్ల పేరు లేదు.
మన దిక్కు చెరువులు, కరువులు, శిస్తులు.
ఇంటికియ్యరాదు, ఉన్నది అదొక్కటే.
"నాలుగింటికి నా బస్సు, అక్కా" అని ఫోను తీసింది.
పాత కుట్టు, ఇడిస్తె మూసుకుంటది.
నేనే ఎడమ బొటనేలు ఆనిచ్చి వట్టుకున్న.
మూడు దినాలు. రెండు వందల పద్నాలుగు పేజీలు.
ప్రతి ఫోటోకు ఊపిరి బిగవట్టిన,
నన్నే దింపుతున్నట్టు.

పాసయ్యిందో లేదో, ఆమె మల్ల రాలె.

ఎండలు ముదిరినంక
ఈడ పరీక్ష సెంటరు పడ్డదని
మక్తల్ పొల్లగాడొకడు చార్జింగుకు వచ్చిండు.
పేరు రాసుకుంట రాసుకుంట ఆగిండు.
నా మొకం గాదు, చెయ్యి సూస్తుండు.
బీరువా తలుపు వడి
నిలువుగ చీలిన గోరు.
"అక్కా, పీడీఎఫ్‌ల ఏలు నీదేనా?"

తెరిచి సూపిచ్చిండు.
ప్రతి పేజీ కింద మూలకు నేను.
ఒక కాడ పసుపంటి,
ఒక కాడ గుడ్డపేలిక చుట్టుకొని.
ఎవల ఫోన్లకెల్లి ఎవల ఫోన్లకు పోయిననో,
అచ్చంపేట, నారాయణపేట, కోదాడ హాస్టళ్లు,
బస్సెక్కి నేనెన్నడు పోని ఊర్లు.
మా అమ్మ నిశాని.
కంట్రోలు దుకాణంల, బ్యాంకుల
ఏలు ఒత్తి, ఆ సిరా కొంగు లోపటికి తుడుసుకునేది
ఎవలన్న సూస్తరని.

"నూట పన్నెండో పేజీల ఆఖరు లైను
నీ ఏలు కిందికి పోయింది" అన్నడు.
"అండ్ల ఏమున్నదని గ్రూపుల ఒకటే లొల్లి."

బీరువా తెరిచిన.
కరువు పాఠం.
గడ్డి లేదు, గింజ లేదు, బాయిలెండినయి,
మంది మూటలు గట్టుకొని పోయిండ్రు.
ఏలు తీసిన.
"ఆ తర్వాత వాన పడింది."
గంతే.

ఇన్ని దినాలు, ఇన్ని ఫోన్లల
వాన మీద ఏలు వెట్టి కూసున్న నేను.

పొల్లగాడు ఫోటో దింపబోతె పేజీ మూసుకున్నది.
చెయ్యి ఎనుకకు దాసుకున్న.
జెరసేపు నా దిక్కు సూసి
తనే వట్టుకున్నడు,
కుడిచేతుల ఫోను,
ఎడమ బొటనేలు కింద పేజీ.

అటు మూడో ప్లగ్గు కాడ ఎవలిదో నిండింది.
తియ్యనీకి పోయిన.