మూడు వేళ్ళ కన్ను

రేణిగుంట రోడ్డు హోటల్లో
రెండు రోజులు మాట్లాడుకున్నాక
మూడోనాడు మూడు దేశాలవాళ్ళని మినీ బస్సెక్కించి
తడ దగ్గర తూర్పుకి తిప్పి
భీములవారిపాలెం రేవుకి తీసుకొచ్చాను.
నా పని తర్జుమా.
మెడలో పట్టీ, చేతిలో పేర్ల జాబితా.
చేపల సంగతి నాకు తెలిసింది పులుసు దాకే.

పామంజి కావేరమ్మ ఒళ్ళో వల పరుచుకుని
చిరుగు కుడుతోంది.
మన్నారు నుంచి వచ్చిన ఫిలోమినా
నేను నోరు తెరిచేలోపే
అరవంలో ఏదో అడిగింది.
కావేరమ్మ అరవంలోనే జవాబిచ్చింది.
నా పట్టీ ఊరికే వేలాడింది.

చానాసేపటికి కావేరమ్మ నావైపు తిరిగింది:
"ఆయమ్మ ఊరి జెట్టీలో మనోళ్ళ పడవొకటి ఉండాదంట.
గీత దాటిందని పట్టుకున్నారు.
మనుషుల్ని పంపేసినారు, పడవని పంపలా.
ఏడేళ్ళు.
నాచు పట్టి, పిట్టలు గూడు పెట్టినాయంట.
రంగేందని అడిగినా. నీలమంది.
అంచు? పసుపంది.
మా మరిదిది ఎరుపులే."
అని, దారం కొసని నోట్లో తడిపి
సూదిలోకి ఎక్కించలేక
మళ్ళీ తడిపింది.

భోలా నుంచి వచ్చిన మొఫజ్జల్‌కి నేను కావాలి.
అతని హిందీ సగం, నాది పావు.
మన పులస అతని నోట ఇలిశ.
"గుడ్లతో తల్లి ఏరు ఎదురెక్కే రోజుల్లో
ఇరవై రెండు పూటలు వల తడపం.
బియ్యమిస్తారు. చాలవు."
ఆ చివరి మాటని తెలుగులోకి తేనక్కర్లేకపోయింది,
అతని చెయ్యి చెప్పేసింది.

"మాకు ఎండల్లో రెండు నెలలు," అంది కావేరమ్మ,
"వల కుట్టుకుంటాం, అప్పు చేస్తాం.
అడుగబ్బా,
మేం మూసినప్పుడు వాళ్ళు తెరిస్తే
మా పస్తు ఎవరి కుండలో ఉడికినట్టు?"
అడిగాను.
ముగ్గురూ నవ్వారు,
ఒక్కరూ జవాబు చెప్పలేదు.

అప్పుడు కావేరమ్మ
వల కన్నులోకి మూడు వేళ్ళు దూర్చి చూపించింది.
ఫిలోమినా తన మూడు దూర్చింది, సరిపోయాయి.
మొఫజ్జల్‌కి చూపుడువేలు లేదు,
మోకు చుట్టే యంత్రం తినేసిందట.
బొటనవేలు కలుపుకోమన్నాడు.

"మనిషి కన్ను చిన్నదైనా ఏం గాదు.
వల కన్ను చిన్నదైతే
రేపు బతకాల్సింది గూడా ఈ పొద్దే చిక్కతాది.
దానికి రెప్ప ల్యా, మూసుకోను."
ఈ ముక్కని పావు హిందీలో పెట్టబోయి
మూడుసార్లు తప్పాను.
ఫిలోమినా వల పైకెత్తి
ఆ కన్నులోంచి పులికాట్‌ని చూసింది.
నేను తర్జుమా ఆపేశాను.

సాయంత్రం తిరుపతిలో ఉమ్మడి ప్రకటన చదివారు.
వల కన్ను మిల్లీమీటర్లయింది.
అంకె ఉండాల్సిన చోట ఖాళీ గడి,
పక్కన ఎవరో పెన్సిల్‌తో
మూడు నిలువు గీతలు గీశారు.
ఒకటి కొంచెం పొట్టిది.

రాత్రి పదకొండింటికి,
కిటికీలో కొండ దారి దీపాలు వంకర్లు పోతుంటే
ఫిలోమినా ఫోటో పంపింది.
తమ్ముణ్ణి జెట్టీకి పంపి తీయించిందట.
నీలం పడవ. పసుపు అంచు.
పసుపు పెచ్చులేచిన చోట
అడుగున ఇంకో రంగు.

పెద్దది చేసి చూశాను.
ఏ రంగో ఇక్కడ రాయను.
పొద్దున్నే తొలి బస్సుకి తడ వెళ్తున్నా.
తర్జుమాకి కాదు.