ముంగాలి ముల్లు

అగ్గిపెట్టెలో పట్టుకొచ్చిండు ఓదెలు,
గీసుగొండ మిల్లులో రాత్రి కాపలా మనిషి.
అమెరికా నుంచి మిషిను మోసుకొచ్చిన చెక్కపెట్టె
రెండు వానాకాలాలు గోడవారకు నాని
బెల్లం అచ్చులెక్క మెత్తబడ్డదట,
అందులకెల్లి ఎల్లింది ఇది.
"గిది మన దిక్కుది కాదు మేడం."
ఎట్ల చెప్తవు అన్నాను.
"లైటు కిందికి రోజూ వచ్చేటోళ్ళను ఎరుగనా?"

హన్మకొండలో మా ల్యాబు. కరెంటు లేదు.
బల్లను కిటికీ దాకా ఈడ్చి
భూతద్దం కింద పండబెట్టాను.
పసుపు ఒళ్ళు, సన్నని మెడ.
రెక్కల కొసలు మాత్రం
మసిగిన్నె దించిన చేతివేళ్ళు.
పెసరచేలో పూత మేసే బొబ్బల పురుగుకు
మేనబావ వరస అనిపించింది.

పుస్తకం ప్రతి వాక్యం దగ్గర
రెండు తొవ్వలు చేసి నిలబడుతుంది.
వెనక పాదానికి కణుపులు నాలుగు:
ఇటు పో.
గోరు నిలువునా చీలిందా? చీలలేదు:
అయితే అసలు బొబ్బల పురుగు కాదు,
దొంగది. అటు పో.
ముంగాలి పిక్క చివర ముల్లు ఒకటా, రెండా?
ఊపిరి బిగబట్టి లెక్కబెట్టాను.
ఒకటే.
కన్ను తుడుచుకుని మళ్ళీ లెక్కబెట్టాను.
ఒకటే.

ఓడరేవుల్లో తడిసిన దుంగలు
తొలుచుకు తినే జాతి అని రాసుంది.
నవ్వొచ్చింది నాకు.
సముద్రం ఎరుగని ఓరుగల్లుకు
రేవు పురుగు!
ఓదెలు నవ్వలేదు.
"దొంగది అని ఎందుకన్నరు మేడం?
ఏం ఎత్కపోయింది?"
బొటనవేలు చూపించిండు, గోరు పక్కన నీటిబుగ్గ.
"రాత్రి చాయ్ గిన్నె కాలిందో
ఇదే చేసిందో, మరి."
దానికి పుస్తకంలో తొవ్వ లేదు.

సూది గుచ్చి చీటీ రాశాను:
గీసుగొండ, నానిన చెక్క, రాత్రి.
సేకరించినది కట్కూరి ఓదెలు.
తన పేరు మీద వేలు పెట్టి
అక్షరం అక్షరం కూడబలుక్కున్నడు.

పెట్టె ఏమైంది, అడిగాను తలుపు దగ్గర.
"ఇంకేడిది? తలా ఒక పలక తీస్కపోయిన్రు.
గట్టిగున్నది ఒకటి చూసి నేనూ తెచ్చుకున్న.
మా మేకల కొట్టానికి తలుపు."

మెట్లు దిగిపోతున్న చెప్పుల చప్పుడు.
పుస్తకం ఇంకా మూయలేదు నేను.