ఇంగు వెయ్యకూడని మాట

కోటిపల్లి రేవు దాటి, లంకలో,
తుపాను షెల్టరు మేడమీద ఆరున్నరకి క్లాసు.
బోర్డు మీద ఒక్క మాటే రాశాను: హ్యావ్.
కింద నానబెట్టిన కొబ్బరిపీచు వాసన.
పగలంతా తాడు పేనిన వేళ్ళు
పెన్సిలుకి కూడా పురి పెట్టబోతున్నాయి.

ఐ, యూ, వుయ్, దే: హ్యావ్.
హీ, షీ, ఇట్: హ్యాజ్.
"మగాడికీ ఆడదానికీ గేదెకీ ఒకటేనాండీ?"
ఒకటే, అన్నాను.
గ్రేసమ్మ కాసేపు ఆలోచించింది.
"మనకి ఆడదీ గేదే ఎప్పుడూ ఒకటే గదండీ,
వచ్చింది, పోయింది, అనే అంటాం.
ఆళ్ళు మగాణ్ణి కూడా కలిపేరు. మంచి పనే."

మనకి ఈ మాట లేదు.
బిడ్డ నాకు ఉంది.
డబ్బు నా దగ్గర ఉంది.
కోపం నాలో ఉంది.
అన్నీ వచ్చి మన పక్కన కూర్చుంటాయి, అంతే.
వాళ్ళేమో బిడ్డనీ డబ్బునీ జ్వరాన్నీ
ఒకే గుప్పిట్లో పట్టుకున్నారు.
(ఇది వాళ్ళకి చెప్పలేదు.
తిరిగెళ్ళేటప్పుడు పంటు మీద తోచింది.)

ఉన్నదానికి ఇంగు తగిలించకూడదు, అన్నాను.
ఐ యామ్ హ్యావింగ్ టూ బఫెలోస్, తప్పు.
ఐ యామ్ హ్యావింగ్ టీ, ఒప్పు.
టీ అంటే, తాగుతుంటే అయిపోతుంది గనక.
"పులిహోరలో ఇంగువ వేత్తాం, పాయసంలో వెయ్యం.
అంతేగదండీ?"
అంతే. నేను పదేళ్ళుగా చెబుతున్నదాన్ని
గ్రేసమ్మ ఒక్క పోపులో తేల్చేసింది.

పెచ్చెట్టి వరహాలు పలక చూపించింది:
ఐ యామ్ హ్యావింగ్ వన్ ఏకర్ ల్యాండ్.
ఇంగుని వేలితో చెరిపాను.
ఆవిడ ఆ మరక వైపే చూస్తూ అంది:

"అయిపోయేదానికైతే వెయ్యొచ్చన్నారు గదండీ.
నేను కాపరానికొచ్చినప్పుడు ఎకరం ముప్పై సెంట్లు.
పెద్ద వరదకి గట్టెళ్ళిపోయింది,
గట్టు మీద మూడు కొబ్బరిచెట్లూను.
కిందటేడు మోటారు షెడ్డు.
మొన్న గెల కోద్దామని కత్తట్టుకుని ఎళితే
అరిటిచెట్టే లేదు.
పాసుబుక్కులో మాత్రం ఎకరం ముప్పై అలాగే ఉందండి,
అది హ్యావే.
నేలకి ఏమనాలండీ?
మీరు దిద్దుతా ఉండగానే
కోసుకుపోతా ఉంది గోదారి."

ఎవరూ మాట్లాడలేదు.
కిటికీ అవతల చీకట్లో
దబ్బుమని ఒడ్డు విరిగిన చప్పుడు.
అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి,
ఎవరిదో అని.

నేను పలక తుడిచి,
మళ్ళీ ఏమీ రాయకుండా ఇచ్చేశాను.
పరీక్షలో మాత్రం హ్యావ్ అనే రాయండి, అన్నాను,
గొంతు సవరించుకుని, మేస్టారిలా.

"పరీక్ష ఎప్పుడండీ?"

వచ్చే నెల ఆఖర్న.

"ఆయ్. అప్పటికి చూద్దామండి,
ఏది రాయాలో."