ఆర్ దాటి పది నిమిషాలు

ఆదివారం ఆరున్నరకే కోవెంట్రీ పొలిమేరలో
బురద మైదానం నిండా కార్ల డిక్కీలు తెరుచుకుంటాయి.
ఎక్స్-రే గదిలో రాత్రంతా నిలబడ్డ కాళ్ళతో
నేరుగా అక్కడికే పోతాను,
తీయడం మరిచిన బ్యాడ్జి కోటుకి వేలాడుతూ,
ఒంటికెంత రేడియేషన్ తగిలిందో లెక్క రాసుకుంటూ.

ముసలి మోక్‌ఫర్డ్ టీ ఫ్లాస్కు పక్కన
బిస్కెట్ల రేకు డబ్బా పెట్టుకుంటాడు.
"నీకోసం పిచ్చివి దాచాను" అంటాడు.
పిచ్చివంటే, ముఖం తిన్నగా లేనివి.

బుద్ధిమంతులు నాకక్కర్లేదు.
పన్నెండు నెత్తిన, ఆరు పాదాల దగ్గర,
బడిపిల్లల్లా వరస తప్పని అంకెలు
ఏ బస్టాపులోనైనా దొరుకుతాయి.

నా దగ్గరొకటుంది, అంకెలన్నీ తిరగేసి రాసింది.
క్షురకుడు కట్టుకుంటే
కుర్చీలోని మనిషి అద్దంలో చదువుకోవాలి.
అది పెట్టుకున్న రోజు
నేను అద్దంలోనే సమయానికి వస్తాను.
ఇంకోటి ఇరవై నాలుగు గంటల్నీ ఒకే చుట్టులో ఇరికించింది,
మధ్యాహ్నం దాని అడుగున, బావిలో నీళ్ళలా.
రాత్రి డ్యూటీ వాళ్ళకి అంతకన్నా న్యాయం ఎవరు చేశారు?

రేడియం పూసినది మాత్రం పడగ్గదిలో ఉంచను.
వెలుగు ఎప్పుడో చచ్చిపోయింది,
విషం చావలేదు.
అలాంటి మనుషులూ నాకు తెలుసు,
వాళ్ళకీ ఒక డబ్బా ఉంది.

వీళ్ళు గడియారానికి చేతులున్నాయంటారు.
మేం ముల్లంటామని మోక్‌ఫర్డ్‌కి చెప్పాను,
చిన్న ముల్లు, పెద్ద ముల్లు.
గుచ్చుకున్నట్టు బొటనవేలు చూసుకున్నాడు.
"అదే నిజం. మా ఆవిడ పోయిన ఏడాది..."
అని మూత తిప్పి టీ పోశాడు.
నాకూ పోశాడు. మాట అక్కడే చల్లారింది.

కిందటి వారం డబ్బా అడుగున
పట్టీ ఊడిపోయి, రూపాయి బిళ్ళంత.
అంకెల చోట అక్షరాలు.
పన్నెండు దగ్గర డబ్ల్యూ, ఒంటిగంటకి ఐ, రెండింటికి ఎన్,
గోటితో చుట్టూ తిరిగి చదివాను:
వినిఫ్రెడ్ హేల్.
ఇంగ్లీషులో సరిగ్గా పన్నెండు.
ఏడింటికి పేరు అయిపోతుంది,
ఎనిమిదింటికి ఇంటిపేరు మొదలు.
మధ్యన ఆ గంటసేపూ
ఆమె ఏ ఇంటి మనిషీ కాదు.

ఎవరీమె, అంటే
"ఏదో ఇల్లు ఖాళీ చేస్తుంటే పెట్టె కొన్నాను,
మనిషిని కాదు" అన్నాడు.
పదిహేను పౌండ్లు.
పేరుకి బేరమేమిటని అడిగినంతా ఇచ్చాను.

ఇంటికొచ్చి, సాసర్ బోర్లించి గుండ్రం గీసి
నన్ను నేను చుట్టూ పేర్చుకున్నాను.
వే, ము, ల, కొం, డ, హై, మ, వ, తి.
తొమ్మిదింటికే అయిపోయాను.
పది, పదకొండు, పన్నెండు గంటలకి నేను లేను.
ఎలాగూ ఆ వేళకి సీసం ఏప్రాన్ వెనక
ఎవరి ఎముకలో చూస్తుంటాను కదా
అని సర్దిచెప్పుకున్నాను.

మణికట్టు బోసిగా ఉండాలని ఆసుపత్రి రూలు.
అందుకని వినిఫ్రెడ్ జేబులో నడుస్తోంది,
రోజుకి నాలుగు నిమిషాలు వెనకపడుతూ,
ఎవరికోసమో గుమ్మంలో ఆగినట్టు.

నిన్న తెల్లవారుజామున
తుంటి విరిగిన పెద్దాయన్ని బల్ల మీదికి చేర్చాం.
టైమెంతమ్మా, అన్నాడు.
జేబులోంచి తీసి, ఆలోచించకుండా అనేశాను:
"ఆర్ దాటి పది నిమిషాలు."
నాలుక కరుచుకున్నాను.
ఆయన కప్పు వంక చూస్తూ
"ఆర్ తర్వాత ఏమొస్తుంది?" అన్నాడు.
"ఈ."
"మంచిది," అన్నాడు, "ఎస్ అనుకుని భయపడ్డాను."

ఊపిరి బిగబట్టమన్నాను.
బిగబట్టాడు.
గోడ వెనక, బటన్ మీద వేలితో,
నేనూ.