నాలుగు కాళ్ళూ ఆనే చోటు

కుర్చీ వేస్తే నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలకి ఆనాలి,
అంతకన్నా ఏమీ అడగను, అంది అట్రాక్టా.
తుంటి విరిగి, అతికి, ఇంటికొచ్చిన వారం అది.
ఇంటి వెనక అరెకరం.
గొర్రెలు అమ్మేశాక పదకొండేళ్ళుగా
మేం వెనక్కి తిరిగి చూడలేదు.
తుంగ దాన్ని తన పేరున రాయించుకుంది.
ముళ్ళతీగ గోడ దాటి వచ్చి
మొన నేలలో గుచ్చి, లేచి, మళ్ళీ గుచ్చి
కుట్టుపని కొత్తగా పట్టుబడ్డ పిల్లలా
దొరికిందల్లా కలిపి కుట్టేసింది.

మేయో వానకి వేళాపాళా లేదు.
ఏప్రిల్లో దిగుదామంటే మే చివరిదాకా బూటు దిగబడింది.
ఫెలిమ్ ట్రాక్టరు గేటు దగ్గరే ఆపి
టోపీ వెనక్కి నెట్టుకుని
"కోల్మన్, ఇది పొలం కాదు, పగ" అన్నాడు.
అయినా దిగాడు.
రెండో చుట్టులో బ్లేడుకి పరుపు స్ప్రింగు చుట్టుకుంది.
మూడో చుట్టులో బకెట్టు.

పల్లపు మూల కాలువ తవ్వుతుంటే
పారకి ఖంగుమని తగిలింది నా నీళ్ళతొట్టి.
ముప్పై ఏళ్ళ కిందట ఎవరో ఎత్తుకుపోయారని
పక్కింటి మర్టాగ్‌తో మాటలు మానేసిన నీళ్ళతొట్టి.
బురద మింగింది, మర్టాగ్ కాదు.
మర్టాగ్ పోయి నాలుగేళ్ళు.
దాన్ని పైకి లాగి, బోర్లించి
కాసేపు దానిమీదే కూర్చున్నాను.

తుంగ ఒక్క కోతకి చావదు.
రెండు కోతలు, ఒక చలికాలం, ఎనిమిది బస్తాల సున్నం.
డాక్ మొక్క వేరు మోచేతంత లోతు,
విరిగిన ముక్క లోపలుండి నవ్వుకుంటుంది.
మోకాళ్ళ మీద నేను పాకుతుంటే
కిటికీ అద్దం మీద చేతికర్రతో టక్‌టక్‌మని
వదిలేసినవి చూపించేది ఆవిడ.
ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాను,
ఏ ప్రయాణికుడూ ఇన్నిసార్లు గంట కొట్టలేదు.

మరుసటేడు సెప్టెంబరు.
గడ్డి మొదటిసారి పొట్టిగా కోసిన సాయంత్రం
సముద్రం మీద ఎండ ఏటవాలుగా వాలగానే
నేల ఒళ్ళు విరిచింది.
ఒకటి, రెండు, ఏడు, పదిహేడు
వరసగా గట్లు, గట్టుకీ గట్టుకీ మధ్య నీడ,
పలచటి దుప్పటి కింద డొక్కలెగరేసిన మనిషిలా.
ఆలుగడ్డల బోదెలు.
గుర్రం లేనివాళ్ళు, నాగలి లేనివాళ్ళు
పారతో మన్ను తిరగేసి పోసినవి.
ఆఖరిసారి నాటినవాళ్ళు
తవ్వుకోడానికి మిగిలారో లేదో.
మా ఇంటి పత్రాల్లో వాళ్ళ పేర్లు లేవు.

"రోలరు తెస్తా" అన్నాడు ఫెలిమ్, మెల్లగా,
"రెండు రోజుల్లో బల్లలా చేసేస్తా."
సరే అనబోయాను. నిజం చెప్పాలంటే
నాకు చదునే కావాలి.
నడుం నాది, పదహారు నెలలు నావి.

అట్రాక్టా అప్పటికే బయటికొచ్చేసింది,
వాకరు తను పట్టుకుని, వంటింటి కుర్చీ నాచేత మోయించి.
మొదటి గట్టు వాలు మీద కుర్చీ ఊగింది.
రెండోదాని పక్కన ఇంకా ఊగింది.
ఐదో గట్టు నడినెత్తిన వెయ్యమంది.
కూర్చుంది. అటూ ఇటూ కదిలింది,
పొదగబోయే కోడి సర్దుకున్నట్టు.
"ఆనాయి."
"ఎన్ని?"
"నాలుగూ. రోలరు అతన్నే ఉంచుకోమను."

ఇప్పుడు ప్రతి శనివారం
గడ్డి మిషను పదిహేడుసార్లు ఎక్కుతుంది, పదిహేడుసార్లు దిగుతుంది,
పడవ దిగినవాడిలా తూలుతూ ఇంట్లోకొస్తాను.
నీళ్ళతొట్టిని మర్టాగ్ గోడ వారన పెట్టాను,
వాళ్ళబ్బాయి గొర్రెలు తల చాపితే అందేలా.
మిషను అక్కడిదాకా తీసుకెళ్ళను.
దాని చుట్టూ తుంగ మళ్ళీ లేస్తోంది,
కిటికీలోంచి బాగానే కనిపిస్తుంది.
కర్ర చప్పుడు మాత్రం
ఇంకా రాలేదు.