చర్మం బాకీ

యలహంక పాతబస్టాండు వెనక
నా షాపు బోర్డు మీద ఉన్నది ఇంతే: జాకెట్లు, ఫాల్స్, పికో.
రెక్కలు కుడతానని ఎక్కడా లేదు.

పొన్నప్ప సార్ గుడ్డ థాను తెచ్చి బల్లమీద దొర్లిస్తే
షామియానాకి అనుకున్నాను.
"విమానానికమ్మా" అన్నాడు.
"కార్ షెడ్డులో కడుతున్నా, ఆరేళ్లయింది.
ఎముకలు పూర్తయ్యాయి. చర్మమే బాకీ."

కుట్టాను.
పక్కటెముకలకి మైనం పూసిన దారం,
రెండున్నర అంగుళాలకో ముడి.
పైనుంచి నేను సూది దించితే
కిందనుంచి ఆయన తిప్పి పంపేవాడు,
ఒకే బొంత ముందు కూచున్న తోడికోడళ్లలా.
మిగిలిన నారింజ గుడ్డతో గాలిసంచి కూడా కుట్టిచ్చాను.
దానికి డబ్బు తీసుకోలేదు.

దొడ్డబళ్లాపురం అవతల, రాగి చేల నడుమ మట్టి రన్‌వే.
లేవడం చూశాను. లేవడానికేముంది,
గాలిపటమూ లేస్తుంది.
రెండు చుట్లు తిరిగి దిగుతున్నాడు.
అందరి కళ్లూ విమానం మీదే.
నేను మాత్రం నా గాలిసంచి మూతి కుట్టు చూసుకుంటున్నా,
అది ఉన్నట్టుండి పక్కకి తిరిగింది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

అరుద్దామనుకున్నా.
ఏమని?

చక్రాలు తాకాయి, లేచాయి,
మళ్లీ తాకాయి, ఈసారి కుంటుతూ,
తోక ముక్కుని దాటిపోవాలని చూసింది,
ఎడమ రెక్క నేలని గీసుకుంటూ గిర్రున తిరిగి
చేలోకి దూరి ఆగింది.
దుమ్ము. పెట్రోలు వాసన.
నీళ్లు, నీళ్లు అంటున్నారెవరో.

ఆయన మోకాలు పట్టుకుని దిగుతున్నాడు.
నేను సిగ్గులేకుండా
ముందు రెక్క దగ్గరికే పరిగెత్తాను.
మూరెడు చీలిక. రెండు ఎముకలు బయటికి.
చీలిక నా కుట్టుదాకా వచ్చి
అక్కడ ఆగిపోయింది.
వేలితో తడిమాను. ఒక్క ముడీ జారలేదు.
ఆ క్షణం నాకు కలిగిన సంతోషం
ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

"నేల వచ్చేసిందనుకున్నా మునిరత్నమ్మా" అన్నాడు
గట్టు మీద కూచుని, రక్తం తుడుచుకుంటూ,
"ఇంకా నాలుగడుగులుంది."

ఆ రాత్రి కరెంటు పోయింది.
మిద్దె మీంచి ఆరిన బట్టలెత్తుకుని దిగుతున్నా.
మెట్లు అయిపోయాయనుకుని
ధీమాగా అడుగు చాచాను.
ఇంకొకటి ఉంది.

నడుం పట్టుకుని చీకట్లో చాలాసేపు అక్కడే,
చుట్టూ చీరలు.
తెల్లారాక ఫోన్ చేశాను:
సార్, ఎడమ రెక్క కొలత
ఇంకోసారి చెప్పండి.