పాత గిటారు వెల

గవర్నర్‌పేట మేడమీద, టేబుల్ ఫ్యాన్ ఆపి
నాలుగు మరలు విప్పాడు సిలార్.
మెడ ఊడొచ్చింది.
మడమ దగ్గర పెన్సిల్ రాత: పదకొండు, డెబ్బై మూడు.
"పుట్టినరోజు దొరికింది" అన్నాడు.

వాల్యూమ్ గుండీ కింద అంకెలు
భూతద్దంలో చదివి తలాడించాడు.
పికప్‌లు పాతవే. బిరడాలు మార్చినవి,
ఐదువేలు తగ్గింది.

తర్వాత గోటితో గీకాడు.
నీలం కింద పసుపు.
"ఎవడండీ ఈ పాపం చేసింది? సగం ధర పోయింది."

గుంటూరు ఎగ్జిబిషన్‌లో మా ఆర్కెస్ట్రాకి
అందరికీ నీలం చొక్కాలు.
ముందురోజు రాత్రి స్కూటర్ షెడ్డులో రంగు కొట్టింది నేనే.
తడి ఆరకముందే వాయించాను,
చొక్కా, చెయ్యి, గిటారు ఒక్క రంగు.

సిలార్ కాగితంమీద అంకె వేసి నావైపు తిప్పాడు.

మోచెయ్యి ఆనేచోట నీలం అరిగి
మళ్లీ పసుపు తేలింది.
దానికెంతో వెయ్యలేదు.